మునసబు ఇంటి కోళ్ల గూడు

మా ముత్తాత ఈ ఊరికి మునసబు. ఆయన కొడుకు, అంటే మా తాత, మునసబు. మా నాన్న కూడా మునసబే. కానీ ఆయన హయాంలోనే ప్రభుత్వం ఊళ్లలో మునసబులనీ కరణాలనీ రద్దు చేసింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఎవరైనా తనని పాత మునసబు అంటే ఆ పూట భోజనం మానేసేవారు. ముత్తాత కాలంలో సుమ్మాదేవి స్టేషను దగ్గర రైలు దిగితే సముద్రపు ఇసుక కాళ్లకు తగిలేదాకా మా కొబ్బరి తోటల్లోంచీ జీడి తోటల్లోంచీ నడవాల్సి వచ్చేదని చెబుతారు. చెప్పేది మా వాళ్లే. మా తాత కాలి గుర్తులు చూసి దొంగని పట్టేవాడనీ, టెక్కలి నుంచి పోలీసులు వచ్చి ఆయన్ని సలహా అడిగేవారనీ కూడా చెబుతారు. అదీ మా వాళ్లే.

ఈ మూడు తరాల్లోనూ మా ఇంటికి కోళ్లు వస్తూనే ఉండేవి. పండగకి ఒకటి, పొలం గట్టు తగువు తీరిస్తే ఒకటి, ఊరికే కనబడి వెళదామని వచ్చినవాడి చేతిలో ఒకటి. కాళ్లు కట్టేసి, తలకిందులుగా, దొడ్డి గుమ్మం దాకా వచ్చేవి. రాత్రికి కూరయ్యేవి. మా ఇంట్లో ఒక రాత్రి గడిపి తెల్లారి లేచిన కోడి లేదు. దొడ్లో కోళ్లు తిరగడం చిన్నతనమని మా నానమ్మ నమ్మకం. కాబట్టి కోడిని తినడం మా వంశానికి బాగా తెలుసు. పడుకోబెట్టడం తెలియదు.

ఇక నా సంగతి. నేను పలాసలో ఒక జీడిపప్పు బట్టీలో, డబ్బాలకు మూతలు వేసేచోట నిలబడి, మూతలు సరిగా వేస్తున్నారో లేదో చూసేవాణ్ణి. ఊళ్లో మాత్రం "పలాసలో పని ఉంది" అని చెప్పి పొద్దున్న రైలెక్కేవాణ్ణి. ఏం పని అని అడిగే చనువు ఎవరికీ ఇవ్వలేదు. ఇస్త్రీ చొక్కా, చేతిలో తోలు సంచి. ఆ సంచిలో పెరుగన్నం డబ్బా తప్ప మరేమీ ఉండేది కాదు. ఊరంతా ఏటి అంటే నేను ఏమిటి అనేవాణ్ణి. అది కూడా సంచిలాంటిదే.

ఇంట్లో పనివాళ్లు ఒక్కొక్కరే మానేశారు. చివరికి దొడ్డి ఊడ్చే మనిషి కూడా మానేసింది. నా భార్యకి నడుం నొప్పి. అందుకని తెల్లవారకముందే లేచి, తలకి తువ్వాలు చుట్టుకుని, దొడ్డంతా ఊడ్చి, చెత్త గోతిలో పోసి, చీపురు ఉన్నచోటే పెట్టి, మళ్లీ వచ్చి పడుకునేవాణ్ణి. ఆరింటికి అందరిలాగా ఆవులిస్తూ లేచేవాణ్ణి. మునసబు మనవడి చేతిలో చీపురు ఊళ్లో ఎవరి కంటా పడలేదని నా ధైర్యం. నా భార్య ఈ విషయం ఎన్నడూ ఎత్తలేదు. దొడ్డి దానంతటదే శుభ్రపడుతోందని ఆమె అనుకుంటోందని నేను కొన్నేళ్లపాటు అనుకున్నాను.

పెద్ద తుఫానుకి మా కొబ్బరి చెట్లలో మూడొంతులు పడిపోయాయి. ఆ మరుసటి ఏడు ఒకరోజు సాయంత్రం నేను పలాస నుంచి వచ్చేసరికి దొడ్లో ఐదు పెట్టలు, ఒక పుంజు తిరుగుతున్నాయి.

"ఏమిటివి?" అన్నాను.

"కోళ్లండీ," అంది నా భార్య.

"అది కనబడుతూనే ఉంది. ఎక్కడివి?"

"పెంచుదామని తెచ్చాను. మీరొక గూడు కట్టాలి."

ఆమె టెక్కలిలో ఒక బడిపంతులు గారి అమ్మాయి. కోళ్లు పుట్టింటి నుంచే వచ్చి ఉంటాయని నేనే తేల్చుకున్నాను. మళ్లీ అడిగితే, కోళ్లు పెంచాల్సిన అవసరం ఎందుకు వచ్చిందన్న మాట కూడా వస్తుంది. అది నాకు ఇష్టం లేదు. గూడు కడతానన్నాను.

కట్టడానికి ముందు కాగితం మీద బొమ్మ గీశాను. మా బండ్ల సావిడిలో మిగిలిన పాత చెక్కలు కోయించాను. పలాస నుంచి ఇనప వల తెచ్చి మూడు పక్కలా కొట్టాను. నాలుగో పక్క తలుపు. నా శ్రద్ధంతా ఆ తలుపు మీదే. పాత టేకు చెక్క, ఇత్తడి మడత బందులు, అరచేతి వెడల్పు గొళ్లెం. దానికి మా తాత కాలంలో గాదెకు వేసే ఇత్తడి తాళం వేశాను. పైకప్పుకి అల్లిన కొబ్బరాకు వేశాను, ఆకు ఉంది కాబట్టి. గూడు నీడపట్టున ఉండాలని జామచెట్టు కింద పెట్టించాను.

"ఈ గూట్లోంచి ఒక్క కోడి పోదు. ఇది నా మాట," అన్నాను.

నా భార్య తాళం వైపు చూసింది. "సరేనండీ," అంది.

రోజూ సందె వేళ కోళ్లు లోపలికి వెళ్లాక తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకునేవాణ్ణి. పది రోజులు గడిచాయి. పదకొండో రోజు పొద్దున్న తాళం తీస్తే నాలుగు పెట్టలే బయటికి వచ్చాయి. తాళం వేసినట్టే ఉంది. గొళ్లెం కదల్లేదు. ఇనప వల ఎక్కడా తెగలేదు.

నా భార్య అడిగిన మొదటి ప్రశ్న నాకు వింతగా అనిపించింది. "ఈకలేమైనా పడ్డాయేటండీ?"

"ఒక్క ఈక లేదు. దొడ్డి అద్దంలా ఉంది," అన్నాను, కొంచెం గర్వంగానే.

"బాగా సూసేరా?"

"నేను మా తాత మనవణ్ణి," అన్నాను.

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. ఒక కోడికి ఇంత దిగులేమిటని నేను రైలుకి వెళ్లిపోయాను.

ఆ రాత్రి నుంచి మా తాత పద్ధతి మొదలుపెట్టాను. పొయ్యిలో బూడిద జల్లించి గూటి చుట్టూ మూరెడు వెడల్పున పరిచాను. దొంగ ఎవడైనా అడుగు పడకుండా రాలేడు. తెల్లవారకముందు ఊడ్చేటప్పుడు ఆ బూడిద పట్టీ జోలికి పోకుండా మిగతాదంతా ఊడ్చేవాణ్ణి. వారం తిరిగేసరికి రెండో పెట్ట పోయింది. బూడిద మీద ఒక్క గుర్తు లేదు. తాళం వేసినట్టే ఉంది. నా భార్య మళ్లీ అదే అడిగింది, ఈసారి గొంతు తగ్గించి: "ఈక?"

"లేదు."

ఆమె ఆ రోజంతా దొడ్లో వంగి వంగి వెతికింది. వెతకడానికి ఏముంది, నేను ఊడ్చిన దొడ్డి.

ఆ రెండు రోజుల్లోనే నల్లపెట్ట పొదుగుకి కూర్చుంది. గూట్లో ఒక మూల పాత గంపలో గడ్డి వేసి, దాని కింద పదకొండు గుడ్లు సర్దింది నా భార్య. ఇరవై ఒక్క రోజులు అది అక్కణ్ణుంచి కదలకూడదు. కూర్చోక ముందే గంపని వంటింట్లో పెట్టుకుందామంది. మా నానమ్మ వండిన వంటింట్లో కోడా అన్నాను నేను. "అయితే దీన్ని మాత్రం కాపాడండి. ఇంకేం అడగను," అంది. ఆమె ఏదైనా అడగడం తక్కువ. అలా అడిగేసరికి నాకు మునసబు రక్తం పొంగింది.

కూర్చుని ఆలోచించాను. తాళం పగలలేదు. అడుగు పడలేదు. ఈక రాలలేదు. అంటే ఇది నోరులేని జంతువు పని కాదు. బూడిద సంగతి తెలిసి గెంతగలిగిన మనిషి, తాళం తీసి మళ్లీ వేయగలిగిన మనిషి. నిజం చెప్పాలంటే, మునసబు ఇంటికి కన్నం వేయడానికి ఒక మనిషి పూనుకున్నాడన్న ఊహ నాకు కొంత తృప్తినిచ్చింది. ఏ పిల్లో కోడిని ఎత్తుకుపోయిందంటే అందులో మాకు దక్కే మర్యాద ఏముంది? అప్పుడు గుర్తొచ్చింది, ఆ గాదె తాళానికి రెండు చెవులు ఉండేవి. రెండోది తలయారి దగ్గర ఉండేది.

మా తాత దగ్గర తలయారిగా చేసినాయన ఎప్పుడో పోయాడు. ఆయన కోడలు మా దొడ్డి ఉత్తరపు గోడకు అవతల ఉంటుంది. అప్పటికి అరవైకి దగ్గర పడిన మనిషి. ఆ కుటుంబం రెండు తరాలుగా బాప్టిస్టు సంఘంలో ఉంది. కొడుకు కష్టపడి డాబా ఇల్లు కట్టాడు. మాది పెంకుటిల్లు. మా పెంకులు పాతవి కాబట్టి మాదే గొప్ప ఇల్లని నా అభిప్రాయం.

ఆదివారం ప్రార్థన ముగిసే వేళకి వెళ్లాను. ఆమె తెల్లచీర మార్చకుండానే అరుగు మీద కూర్చుని కోళ్లకి నూకలు జల్లుతోంది. ఇరవైకి తక్కువ లేవు. వాటిని చూసి నా అనుమానం ఇంకా బలపడింది.

"రండి సిన్నబాబూ, కూకోండి," అంది. నాకప్పటికి నలభై ఆరేళ్లు. మా నాన్న పోయి చాలా కాలమైంది. అయినా ఆ వీధికి నేను చిన్నబాబునే.

"కూర్చోడానికి రాలేదు. ఒక విచారణ మీద వచ్చాను."

"ఇసారణా? అయితే నాను లేచి నిలబడాలేటి?"

"అక్కర్లేదు. మా గాదె తాళానికి రెండో చెవి మీ మామగారి దగ్గర ఉండేది. అదిప్పుడు ఎక్కడుంది?"

"గాదిలో ఏటున్నాదని బాబూ, తాళం?"

"గాదెకి కాదు. కోళ్ల గూటికి."

ఆమె చేతిలో చేట పక్కన పెట్టింది. "కోళ్ల గూటికి గాది తాళం ఏసినారా?"

"రెండు పెట్టలు పోయాయి. తాళం వేసినట్టే ఉంది. అడుగు లేదు, ఈక లేదు. తాళంచెవి ఉన్న మనిషి పని ఇది."

"అంటే నానే ఎత్తుకొచ్చీసినానంతారు."

"నేనెవరి పేరూ చెప్పలేదు."

"పేరెందుకు బాబూ, మా గుమ్మంలోకే వచ్చి నిలబడ్డారు కదా." ఆమెకి కోపం రాలేదు. లోపలికి తిరిగి భర్తతో, "ఓలయ్యా, ఇన్నావేటి? నా కోళ్లని నానే దొంగిలించీసినానట," అంది. లోపల్నుంచి ముసలాయన నవ్వు వినబడింది. ఆ నవ్వు దగ్గులోకి దిగింది.

"నీ కోళ్లేమిటి?" అన్నాను.

"నా కోళ్లే. మీ ఇంటావిడకి పాలుకిచ్చినాను. సెప్పనేదేటి మీకు?"

పాలుకివ్వడమంటే మా వైపు అందరికీ తెలుసు. కోడి ఒకరిది, మేపు ఇంకొకరిది. పుట్టిన పిల్లలు చెరి సగం. పొలానికి కౌలు ఎలాగో కోడికి పాలు అలాగ. అంటే మా తాత తలయారి కోడలి దగ్గర, మా తాత మనవడి భార్య కోళ్లని పాలుకి తీసుకుని మేపుతోంది. నేను ఆ కోళ్లకి ఇత్తడి తాళం వేసి, వాటి యజమానిని దొంగతనం మీద విచారించడానికి వచ్చాను. కూర్చోమని ఆమె ఇంకోసారి అంది. ఈసారి కూర్చున్నాను.

అప్పుడు మిగతాది చెప్పింది. పాలుకి తెచ్చిన కోడి జబ్బుచేసి చస్తే, చచ్చిన కోడిని తెచ్చి చూపించాలి. జంతువు ఎత్తుకుపోతే ఈకలు చూపించాలి. ఏదీ చూపించలేకపోతే మేపినవాళ్లే కోసుకు తిన్నట్టు. పోయిన కోడికి బదులు తమ వంతు పిల్లల్లోంచి ఇచ్చేయాలి. మూడోసారి కూడా అదే జరిగితే ఉన్న కోళ్లని యజమాని తోలుకుపోతుంది. వీధిలో ఆడవాళ్లందరికీ తెలిసిన చట్టం ఇది. మూడు తరాలు ఊరికి తీర్పులు చెప్పిన ఇంట్లో పుట్టి నేను మొదటిసారి వింటున్నాను.

"మొన్న శుక్కురారం ఆయమ్మే వచ్చింది. అప్పా, ఈక దొరకనేదు, రెండు పెట్టలూ నా వంతులో పట్టీసుకో అంది. నాను అడగనేదు బాబూ. మాట పడ్డం ఇష్టం నేదు ఆయమ్మకి. అయినా ఊరోల్లు ఊరుకుంతారేటి? మునసబు గారింట్లో నంజుకు తినీసి, పోనాయని సెప్తన్నారు, అంతన్నారు."

"మా ఇంట్లో కోడి కోసి రెండు నెలలైంది," అన్నాను. ఏడాది అయింది. ఆ సమయంలో కూడా ఏడాది అనడానికి నోరు రాలేదు.

"నాకు తెలుసు బాబూ. తెలిస్తే సాలదు కదా."

"ఇంకొకటి పోతే?"

"నల్లపెట్టని తెచ్చీసుకోవాల. ఇప్పుడు కదిపితే పొదుగు ఒదిలీస్తాది, గుడ్లు పాడైపోతాయి. నాకూ బాధే. కానీ ఈదిలో ఇంకో నలుగురికి ఇచ్చినాను కోళ్లు. మీకో నాయం, ఆలకో నాయం అంటే ఎలగ?"

మా తాత సరిగ్గా ఇదే మాట అనేవాడని మా వాళ్లు చెబుతారు. ఎవరి నోటి నుంచి విన్నా బాగానే ఉంటుంది, తీర్పు మన మీద కానప్పుడు.

ఆమె కొంగు దులుపుకుని లేచి, గూడు చూస్తానంది. గోడ చుట్టూ తిరిగి మా దొడ్లోకి వచ్చాం. ఆమెని నా వెనక చూడగానే నా భార్య మొహం పాలిపోయింది. మూడోది కూడా పోయిందనుకున్నట్టుంది. పోలేదని తలూపాను.

పెద్దామె గూటి తలుపు దగ్గర నిలబడి తాళాన్ని చేత్తో ఎత్తి బరువు చూసింది. తర్వాత తలెత్తి పైకప్పు చూసింది. జామకొమ్మ ఒకటి సరిగ్గా గూటి మీదికి వాలి ఉంది. దాని కింద కొబ్బరాకు రెండు పక్కలకీ ఒత్తిగిలి, పిడికిలి పట్టేంత సందు ఉంది. నేను రోజూ తాళం చూశాను, బూడిద చూశాను. తల ఎత్తలేదు.

"తలుపుకి తాళం, నెత్తిన ఆకు," అంది. "మానుపిల్లికి తాళంసెవి ఎందుకు బాబూ?"

మానుపిల్లి మా కొబ్బరి తోటల్లో ఉండే జంతువు. పిల్లికంటే పొడుగు, తోక ఇంకా పొడుగు. చెట్టు మీంచి చెట్టు మీదికే నడుస్తుంది, నేల మీద అడుగు పెట్టదు. నా బూడిద దాని కోసం కాదు.

"కానీ మానుపిల్లి అయితే ఈక రాలాల," అంది పెద్దామె. "కొమ్మ మీదే పీకుతాది, ఈకలు కింద పడాల. దొడ్డి ఎవులు తుడుత్తారు?"

నా భార్య వెంటనే, "నానే అప్పా. తెల్లారేకే తుడుత్తాను. ఈక పడితే నాకు కనబడదేటి?" అంది. ఒక చెయ్యి నడుం మీద ఉంది. నా వైపు చూడలేదు.

అప్పుడు తెలిసింది నాకు. ఆమెకి నా చీపురు సంగతి మొదటి నుంచీ తెలుసు. దాన్ని కప్పడానికి తన మాట పోగొట్టుకుంటోంది. పగటి వెలుతురులో తుడిచినా ఈక కనబడలేదంటే ఇక ఆ రెండు కోళ్లూ తిన్నట్టే. నల్లపెట్ట కింద పిల్లలైనా ఆమెకి మిగలవు, పేరూ మిగలదు.

వెంటనే నోరు విప్పానని రాయాలని ఉంది. విప్పలేదు. ముందు గోడ అవతల ఎవరైనా ఉన్నారేమో చూశాను. వీధి వైపు చూశాను. గొంతు సవరించుకున్నాను. అప్పుడు అన్నాను, "దొడ్డి ఊడ్చేది ఆమె కాదు. నేను. చీకట్లో ఊడుస్తాను. ఈకలు పడ్డాయో లేదో నాకు తెలియదు."

"తెలుసు బాబూ," అంది పెద్దామె.

"ఏం తెలుసు?"

"తుడిసేది మీరని. ఈదంతటికీ తెలుసు. మీ సీపురు సప్పుడుకే మా ముసలోడు లేత్తాడు. మొన్నామధ్య మీకు జొరం వచ్చి పడుకుండిపోతే ఆడు లేవనేక రైలు పోగొట్టుకున్నాడు."

"మరి తెలిసి ఎందుకు అడిగావు?"

"ఇసారణ కదా బాబూ," అంది.

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నేను విచారించలేదు. పంచె ఎగ్గట్టి చెత్త గోతిలోకి దిగాను. జామాకులు, జీడాకులు, బూడిద, కొబ్బరి పీచు. మోకాలి లోతున ఎర్ర ఈకలు కనబడ్డాయి, కొన్నిటికి తోలు ఇంకా అంటుకునే ఉంది. ఇంకా కింద మరో గుప్పెడు, చుక్కలవి. చేట ఇమ్మని అడిగి, రెండు కోళ్లనీ విడివిడిగా అందులో పేర్చి పైకి అందించాను. నా భార్య అందుకుని పెద్దామె ముందు పెట్టింది. ఆమె ఒక్కొక్క ఈకా ఎండలో పెట్టి చూసింది.

"ఎర్రపెట్ట. ఇది సుక్కల పెట్ట. రెండూ తేలిపోనాయి," అంది. "నీ వంతు నీదే అమ్మీ."

సాయంత్రానికి వీధంతా తెలిసింది. ఈకలు దొరికాయన్నదీ తెలిసింది, ఎవరు ఊడ్చి పోశారన్నదీ మళ్లీ తెలిసింది.

గూడు మార్చే పని పెద్దామె తన చేతిలోకి తీసుకుంది. జామకొమ్మలు నాతోనే కొట్టించింది. ఆకు తీసి పెంకు వేయించింది. గూడు కింద నేల మీద రాళ్లు పరిపించింది, రేపు పందికొక్కు తవ్వకుండా. "ఇప్పుడు మీద ఒక పాత సేపల వల ఏలాడదీయాల. బిగించకండి, ఒదులుగా. కాలు సిక్కుకుంటాదని మానుపిల్లికి భయం. ఒక్కసారి సిక్కుకుంటే మరి రాదు," అంది. పారేసిన వలలు సముద్రపు ఒడ్డున, జాలర్ల ఊరు డొంకూరులో దొరుకుతాయంది.

అంతవరకూ గూటి పక్కనే మంచం వేసుకుని పడుకున్నాను. కాపలా అన్నాను గానీ, మొదటి రాత్రే నా గురక వల్ల కోళ్లు పడుకోలేదని నా భార్య అంది.

మంగళవారం పలాస వెళ్లకుండా, ఇచ్ఛాపురం రైలెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో డొంకూరు వెళ్లాను. తోలు సంచి తీసుకెళ్లాను, ఎందుకో తెలియదు. ఒడ్డున నలుగురు కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు.

"పాత వల ఒకటి కావాలి," అన్నాను.

"ఏ సేపకి బాబూ?"

"కోళ్లకి."

అతను సముద్రం వైపు ఒకసారి, నా ఇస్త్రీ చొక్కా వైపు ఒకసారి చూశాడు. పక్కవాడితో, "ఓ బావా, ఈ బాబుకి కోళ్లు పట్టే వల కావాలట," అన్నాడు.

"ఏ లోతులో పడతాయో కనుక్కో," అన్నాడు బావ, తల ఎత్తకుండా.

మూడోవాడు ఒరియాలో ఏదో అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒరియా కొంచెం వచ్చు. రాకపోతే బాగుండేది. మా దొడ్డి, మానుపిల్లి, నల్లపెట్ట సంగతి అంతా చెప్పాక వాళ్లు నవ్వు ఆపారు. బావ లేచి, గుడిసె వెనక నుంచి చిరిగిన వల ఒకటి తెచ్చి గోనెసంచిలో కుక్కి ఇచ్చాడు. "ఈ పక్క బరువులు ఉంచీసినాను. అవి కిందికి ఏలాడాల," అన్నాడు. ఊరికే తీసుకోవడం మా ఇంటి పద్ధతి కాదన్నాను. "అయితే పిల్లలైనాక ఒకటి పంపండి బాబూ," అన్నాడు.

తిరుగు రైల్లో గోనెసంచి వాసనకి నా చుట్టూ మూడు బల్లలు ఖాళీ అయ్యాయి. మా బట్టీలో పనిచేసే అతనొకడు ఎక్కి, నన్ను చూసి, ముక్కు మూసుకుని, "ఎక్కడికండీ వెళ్లారు?" అన్నాడు.

"ఇచ్ఛాపురంలో పని ఉంది," అన్నాను.

వల కట్టాక ఇత్తడి తాళం తీసేశాను. తలుపుకి ఒక చెక్క మేకు చాలంది పెద్దామె. తాళం కంటే ముఖ్యం, రోజూ సందెవేళ లోపలికి చెయ్యి పెట్టి ఒక్కొక్క కోడినీ తాకి లెక్కపెట్టుకోవడం అంది. చూస్తే చాలదట, తాకాలట. గూటి గుమ్మం నా మోకాలి ఎత్తు. రోజూ ఆ వేళకి మునసబు మనవడు నాలుగు కాళ్ల మీద ఉండేవాడు. అలా పాకడం అలవాటు లేక మొదటి వారం నాకూ నడుం నొప్పి వచ్చింది. నా భార్య తన తైలం సీసా నా మంచం పక్కన పెట్టింది.

పొదుగు పద్నాలుగో రాత్రో పదిహేనో రాత్రో పెరట్లో వల గలగలలాడింది. వల అంచున బరువులు పెంకులకి కొట్టుకుంటున్నాయి. నేను కర్ర పట్టుకుని లేచాను.

"పడుకోండి," అంది నా భార్య. "వల సూసుకుంటాది."

కాసేపటికి చప్పుడు ఆగింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. నల్లపెట్ట పోతే అది మూడోది. తెల్లవారకముందు ఊడవడానికి లేవలేదు. బాగా ఎండ వచ్చాకే చీపురు తీసుకుని దొడ్లోకి వెళ్లాను, ముందు చూసి తర్వాత ఊడవాలని. వలలో బూడిదరంగు బొచ్చు ఇంత చిక్కుకుని ఉంది. ఈక ఒక్కటి కూడా లేదు. గూట్లోకి చెయ్యి పెట్టాను. నల్లపెట్ట నా వేలు పొడిచింది. అంత సంతోషం నాకు ఎన్నడూ కలగలేదు.

ఆ రోజు నుంచి పట్టపగలే ఊడ్చాను. వీధిలో పోయేవాళ్లెవరూ ఆగి చూడలేదు. ఒక్కరైనా ఆగుతారేమో అనుకున్నాను. కొంచెం కష్టం కలిగింది.

పదకొండు గుడ్లలో తొమ్మిది పిల్లలయ్యాయి. అవి తమంతట తాము తిండి ఏరుకునేంత అయ్యాక పెద్దామె వచ్చి పంచింది. నాలుగు ఆమె తీసుకుంది, ఐదు నా భార్యకి వదిలింది. మిగులు పిల్ల మేపినవాళ్లకేనట, అదీ చట్టమే. ఒక పుంజు పెరిగాక దాని కాళ్లు కట్టి, తలకిందులుగా పట్టుకుని, డొంకూరు తీసుకెళ్లి ఇచ్చి వచ్చాను. నా భార్య ఇంకో రెండు పెట్టలు పాలుకి తెచ్చింది. ఈసారి నాతో చెప్పి తెచ్చింది. వీధిలో పాలుకోళ్ల తగువులు వస్తే ఆడవాళ్లు ఆమెని కూడా పిలవడం మొదలుపెట్టారు. ఈకలు చూసి ఏ జంతువో చెప్పడం ఆమె త్వరగానే నేర్చుకుంది. నాకది ఇప్పటికీ రాదు.

రెండేళ్లకి పెద్దామె కొడుకు ఇంకో ఇల్లు కట్టుకోవాలని మా దొడ్లో స్థలం అడిగాడు. నన్ను అడగలేదు. నా భార్యని అడిగాడు, ఆమె ఒక మాట చెబితే దాని మీద ఉంటుందని. ఆమె నాతో చెప్పింది. నేను మూడు రోజులు దొడ్డి ఊడవలేదు. నాలుగో రోజు పెట్టెలో కాగితాలు వెతికాను. దొడ్డి ఉత్తరపు సగం, పద్దెనిమిది సెంట్లు, వాళ్లకి అమ్మేశాం.